డేటా సర్వర్ సర్వీస్ కొనేవాళ్ళు జాగ్రత్త: గ్రీన్ టిక్ చూసి డబ్బు కట్టకండి

హైదరాబాద్‌లో చిన్న వ్యాపారాలకి ఒక ఆఫర్ తెగ తిరుగుతోంది. "డేటా సర్వర్ రెడీమేడ్‌గా ఇస్తాం, మీరేమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, డేటా లోడ్ చేయడం, సెట్టింగులు, సెర్చ్ అన్నీ వెబ్ సర్వీస్ ద్వారానే, నెట్ ఉంటే చాలు" అంటారు. అలా అమ్మే ఒక కంపెనీ దగ్గర మేము గట్టిగా దెబ్బతిన్నాం. లెక్క ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయను. కానీ వాళ్ళు చేసిన పనులు ఇంకెవరైనా చేయగలిగినవే, అందుకే వివరంగా రాస్తున్నా. కొంచెం ఓపిగ్గా చదవండి.

మాది రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల హోల్‌సేల్ షాపు, అక్కడ కంప్యూటర్ పని మొత్తం నేనే చూస్తాను. కౌంటర్ మీద కుర్రాడు పార్ట్ నంబర్ కొట్టగానే స్టాకు, రేటు, ఏ బండికి పడుతుందో రావాలి. మాకు కావాల్సింది ఇంతే. డెమోలో అది అద్భుతంగా వచ్చింది, ఎందుకంటే డెమోలో ఉన్నది వాళ్ళ డేటా. ఏడాది డబ్బు ముందే కట్టించుకున్నారు, పైన 18 శాతం జీఎస్టీ.

లోపల నడిచేది ఎలాస్టిక్‌సెర్చ్, అంటే డేటా దాచి వేగంగా వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్. దాని ముందు వాళ్ళ సొంత గేట్‌వే ఒకటి, మన రిక్వెస్టులన్నీ దాని గుండానే లోపలికి పోవాలి. ఎలాస్టిక్‌సెర్చ్‌ని నేను ఒక్క మాట కూడా అనను, అది మంచి సాఫ్ట్‌వేరే. దాన్ని ఎలా పెట్టి ఎలా అమ్మారన్నదే నా గొడవ.

మొదటి రోజే మా ఎక్సెల్ ఫైళ్ళు తీసుకుని వాళ్ళ స్క్రిప్ట్‌తో లోడ్ చేశారు. స్క్రీన్ మీద గ్రీన్ టిక్, పక్కనే సర్వర్ ఇచ్చిన జవాబు కోడ్ 200 ఓకే. "అయిపోయింది సార్" అన్నారు. వారం తిరక్కుండానే కౌంటర్ దగ్గర లొల్లి మొదలైంది. ర్యాకులో కళ్ళెదురుగా కనిపిస్తున్న క్లచ్ ప్లేటు సిస్టమ్‌లో లేదు. ఒకటి కాదు, పార్ట్ నంబర్‌లో ఇంగ్లిష్ అక్షరం ఉన్న పార్టులు దాదాపు ఏవీ లేవు.

ఇక్కడ అసలు విషయం చెప్పాలి, ఎందుకంటే సేల్స్ వాళ్ళు ఇది చచ్చినా చెప్పరు. ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఒకేసారి వేల రికార్డులు పంపడానికి బల్క్ అనే సర్వీస్ ఉంటుంది. దానికి 200 అని జవాబు వచ్చిందంటే మీ రిక్వెస్ట్ అందింది, దాన్ని చూశారు అని మాత్రమే. లోపల రికార్డులన్నీ చేరాయని కాదు. జవాబు మొదట్లోనే ఎర్రర్స్ అని ఒక ఫీల్డ్ ఉంటుంది, అది ట్రూ అని ఉంటే కొన్ని పడలేదని అర్థం. కింద ఒక్కో రికార్డుకి విడిగా స్టేటస్ ఉంటుంది, కొత్తగా చేరినదానికి 201, తిప్పికొట్టినదానికి 400, ఎందుకు తిప్పికొట్టిందో కారణంతో సహా. వాళ్ళ డాష్‌బోర్డ్ పైనున్న 200 ఒక్కటే చూసి గ్రీన్ టిక్ వేస్తోంది. లోపలికి తొంగి చూసేది లేదు.

సరే, ఎందుకు తిప్పికొట్టింది? మనం ఏ ఫీల్డ్ ఏ రకమో ముందుగా చెప్పకపోతే, మొదట వచ్చిన విలువను బట్టి సర్వరే నిర్ణయించుకుంటుంది. వాళ్ళ స్క్రిప్ట్ అంకెలు మాత్రమే ఉన్న పార్ట్ నంబర్లకి కొటేషన్ గుర్తులు తీసేసి ఉత్త అంకెలుగా పంపింది. దాంతో ఆ ఫీల్డ్ సంఖ్య అని ఖాయమైపోయింది. తర్వాత వచ్చిన అక్షరాలున్న నంబర్లు అందులో పట్టవు కదా, అన్నీ బయటే. ఇంకో దారుణం, ముందు సున్నాలున్న నంబర్లలో సున్నాలు ఎగిరిపోయాయి. పార్ట్ నంబర్ అనేది కూడికలు తీసివేతలు చేసుకునే సంఖ్య కాదు, అదొక పేరు లాంటిది, ఈ మాత్రం తెలియనివాళ్ళు డేటా సర్వర్లు అమ్ముతున్నారు.

ఫీల్డ్ రకం ఒకసారి ఖాయమయ్యాక ఆ ఇండెక్స్‌లో, అంటే డేటా ఉండే పట్టిక లాంటి దానిలో, మార్చడం కుదరదు. సరైన మ్యాపింగ్‌తో (ఏ ఫీల్డ్ ఏ రకమో చెప్పే పట్టీ) కొత్త ఇండెక్స్ పెట్టుకుని డేటా మళ్ళీ ఎక్కించాలి. అసలు ఫైళ్ళు మా దగ్గరే ఉన్నాయి కాబట్టి పెద్ద పనేం కాదు, నేనే చేసుకుంటానన్నా. మ్యాపింగ్ సెట్ చేసే రిక్వెస్ట్ పంపితే 403, అంటే అనుమతి లేదని. "అడ్మిన్ యాక్సెస్ పెద్ద ప్లాన్‌లోనే ఉంటుంది సార్, లేదంటే మేమే చేస్తాం, డేటా మైగ్రేషన్ ఛార్జ్ పడుతుంది" అన్నారు. వాళ్ళు పాడు చేసినదాన్ని బాగు చేయడానికి మాకు బిల్లు! మా ఓనర్ ఆ మెయిల్ రెండుసార్లు చదివి నవ్వారు, కోపం వచ్చినప్పుడు ఆయన అలాగే నవ్వుతారు.

ఇక సెర్చ్ సంగతి. మా దగ్గర లక్షకు పైగా ఐటమ్స్ ఉంటే డాష్‌బోర్డ్‌లో మొత్తం సరిగ్గా 10,000 అని చూపిస్తోంది. అడిగితే, "మీ ప్లాన్ లిమిట్ అంతే, అప్‌గ్రేడ్ చేసుకోండి" అన్నారు. ఇది పచ్చి అబద్ధం. ఎలాస్టిక్‌సెర్చ్ 7 నుంచి సెర్చ్ చేసినప్పుడు మొత్తం ఎన్ని దొరికాయో లెక్కించడం మామూలుగా 10,000 దగ్గర ఆపేస్తుంది, వేగం కోసం. అసలు సంఖ్య కావాలంటే ట్రాక్ టోటల్ హిట్స్ అనే సెట్టింగ్‌ని ట్రూ అని పంపితే చాలు, లేదా కౌంట్ సర్వీస్‌ని అడగాలి. అలాగే పేజీలు తిప్పుకుంటూ 10,000 దాటితే "రిజల్ట్ విండో ఈజ్ టూ లార్జ్" అని ఎర్రర్ ఇస్తుంది, దానికి సెర్చ్ ఆఫ్టర్ అనే పద్ధతి ఉంది. వీటిలో ఏదీ డబ్బు కట్టి కొనేది కాదు. నేను ఆ సెట్టింగ్ పంపి చూశాను, వాళ్ళ గేట్‌వే దాన్ని మధ్యలోనే తీసేస్తోంది.

అన్నిటికంటే పెద్ద టెన్షన్ తర్వాత వచ్చింది. ఒక రాత్రి ఇంట్లో నా ఫోన్‌లో, షాపు నెట్ కాదు, మామూలు మొబైల్ డేటా మీద, మా సర్వర్ అడ్రస్ కొట్టి చివర 9200 పెట్టాను, ఎలాస్టిక్‌సెర్చ్ మామూలుగా వాడే పోర్ట్ నంబర్ అది. పాస్‌వర్డ్ అడగలేదు. సర్వర్ పేరు, వెర్షన్, కింద "యూ నో, ఫర్ సెర్చ్" అనే ఎలాస్టిక్‌సెర్చ్ ట్యాగ్‌లైన్, అన్నీ ఫోన్ స్క్రీన్ మీద. ముందు గుమ్మానికి పెద్ద తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచి పెట్టినట్టు. గేట్‌వే దగ్గర "మీ ప్లాన్‌లో లేదు" అని ఆపిన కౌంట్ ఇక్కడ తేలిగ్గా వచ్చేసింది. మా లెక్కతో పోల్చి చూస్తే ఎన్ని పార్టులు పడలేదో అప్పుడే తేలింది. దాంతోపాటు ఉద్దెర ఖాతాలవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఎంత బాకీ, అవీ కనిపించాయి. నాకు కనిపించాయంటే ఎవరికైనా కనిపిస్తాయి.

ఆ కంపెనీకి చెబితే "ఇది చిన్న విషయం" అన్నారు వాళ్ళ మేనేజర్ గారు. 2020 జులైలో ఇలా తెరిచి ఉన్న ఎలాస్టిక్‌సెర్చ్, మాంగోడీబీ (అదీ ఒక డేటాబేస్ సాఫ్ట్‌వేర్) సర్వర్లని ఎవరో వెతికి వెతికి తుడిచేశారు, డేటా ఉన్నచోట పిచ్చి అక్షరాలు, చివర "మియావ్" అని వదిలి. డబ్బు కూడా అడగలేదు, ఉత్తినే. పాస్‌వర్డ్ లాంటి మామూలు సెక్యూరిటీ 2019 మే నుంచి ఉచితంగానే వస్తోంది, 2022లో వచ్చిన 8 వెర్షన్ నుంచి ఇన్‌స్టాల్ చేయగానే ఆన్‌లో ఉంటుంది. మాకు ఇచ్చింది పాత 7, అందులో దాన్ని మనమే ఆన్ చేయాలి, వాళ్ళు చేయలేదు. పైగా 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చూడండి, డేటాని వేరేవాళ్ళు నడిపినా కస్టమర్ల దగ్గర తీసుకున్న మనదే బాధ్యత, సరైన రక్షణ పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా పడొచ్చని అందులో ఉంది.

కాబట్టి ఎవరి దగ్గర కొన్నా సరే, డెమోకి మీ ఫైలే పట్టుకెళ్ళండి, అదీ చెత్తగా ఉన్న ఫైలు, ముందు సున్నాలు, మధ్యలో అక్షరాలు, తెలుగు పేర్లు ఉన్నది. వాళ్ళ ముందే లోడ్ చేయించి, బల్క్ జవాబు పూర్తిగా చూపించమనండి, డాష్‌బోర్డ్ కాదు. తర్వాత కౌంట్ అడిగి మీ ఎక్సెల్ వరుసలతో పోల్చండి. మ్యాపింగ్ మార్చే హక్కు మీకు ఉంటుందా, స్నాప్‌షాట్ (డేటా బ్యాకప్) మీరే తీసుకోగలరా అని కొటేషన్‌లోనే రాయించుకోండి. నోటి మాట పనికిరాదు. ఏడాది డబ్బు ఒకేసారి అడిగితే లేచి వచ్చేయండి.

వినియోగదారుల ఫోరంకి వెళ్దామనుకున్నాం గానీ, వ్యాపారం కోసం తీసుకున్న సర్వీస్ సాధారణంగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందకి రాదని లాయర్ గారు చెప్పారు. నోటీస్ ఇచ్చి సివిల్ దారిలోనే వెళ్ళాలట. ఆ పని నడుస్తోంది.

మేము వేరే చోటికి మారిపోయాం. పాత సర్వర్‌లో మా కస్టమర్ల వివరాలు పూర్తిగా తీసేశామని రాసి ఇమ్మని మెయిల్ పెట్టాం, దానికి మాత్రం ఇంతవరకు ఉలుకూ పలుకూ లేదు. ఇలాంటి ప్లాన్ మీద ఇప్పటికే ఉన్నవాళ్ళు మిగతావన్నీ తర్వాత చూసుకోండి, ముందు ఈ రోజే ఫోన్‌లో షాపు నెట్ ఆపి మొబైల్ డేటా మీద మీ సర్వర్ అడ్రస్‌కి 9200 పెట్టి కొట్టి చూడండి.