అద్దం బొమ్మా, పొరల బొమ్మా: డెల్టా ఫొటోలకు ఏది మేలు?

కొబ్బరి తోట, కాలువ గట్టు, గోదారి మీద పొద్దుగూకడం. ఈ మూడు ఫొటోలూ లేని ఫోను కోనసీమలో దొరకదు. అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి తీసినవాళ్లే మళ్లీ తెరిచి చూడరు. వాటినే ముడిసరుకుగా పెట్టుకుని కొత్త బొమ్మ చేయాలంటే ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఫొటోను తిరగేసి దాని పక్కనే అతికించడం ఒకటి, దీన్ని మిర్రర్ ఇమేజ్ అంటారు. రెండు మూడు ఫొటోలను పొరలుగా వేసి కలపడం ఇంకొకటి, అది కాంపోజిట్. మొదటిది అయిదు నిమిషాల పని. రెండోదానికి ఒక్కోసారి ఆర్నెల్లు పడుతుంది. ఎందుకో ముందుముందు చెప్తాను.

మిర్రర్‌కి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఫొటోకి కాపీ తీసి, కుడిఎడమలు మారేలా ఫ్లిప్ చేసి, అంచుకు అంచు కలపడమే. కంప్యూటర్ ఉంటే ఫొటోలు దిద్దడానికి ఉచితంగా దొరికే గింప్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. ఫోన్‌లో అయితే ఏదో ఒక కొలాజ్ యాప్‌తో అయిపోతుంది, కాకపోతే బోర్డర్ సున్నాకి తెచ్చుకోవాలి, లేదంటే మధ్యలో తెల్ల గీత మిగిలిపోతుంది. ఆలోచించాల్సింది ఏ అంచు మీద తిప్పాలన్నదే. ఎడమ అంచు మీద తిప్పితే ఒక బొమ్మ, కుడి అంచు మీద తిప్పితే ఇంకో బొమ్మ. రెండూ ఒకే ఫొటోలోంచి వచ్చాయంటే నమ్మబుద్ధి కాదు.

అంచు దాకా వచ్చి తెగిపోయే ఏటవాలు గీత ఉన్న ఫొటో దీనికి బాగా పలుకుతుంది. కొబ్బరి మట్ట, మర్రి ఊడలు, కోరింగ మడ అడవిలో బురద మీద పాకే వేళ్లు ఇందుకు పనికొస్తాయి. అతుకు దగ్గర గీతలు కలుసుకోగానే కళ్లూ ముక్కూ ఉన్న ముఖమో, రెక్కలు విప్పిన పురుగో ప్రత్యక్షమవుతుంది. నిలువు గీతకు అటూ ఇటూ ఉన్న పోలికను మన చూపు చాలా తొందరగా పట్టేస్తుంది, పట్టగానే అందులో ముఖం వెతుకుతుంది. స్విట్జర్లాండ్ వైద్యుడు హెర్మన్ రోర్షా 1921లో మానసిక పరీక్ష కోసం ప్రచురించిన పది సిరా మరకలూ ఇలా రెండు వైపులా ఒకేలా ఉండేవే. ఒక్క మడ చెట్టు ఫొటో తిప్పి నలుగురికి చూపించండి, నలుగురూ నాలుగు ప్రాణులను చెప్తారు.

అయితే మన ప్రాంతానికి దీంతో పెద్ద చిక్కుంది. ఇక్కడ నేలంతా బల్లపరుపు. గోదారి పాయ వశిష్ఠ గట్టు మీద నిలబడి తీసిన ఫొటోలో పైన ఆకాశం, కింద నీళ్లు, మధ్యలో సన్నటి పచ్చ గీత. దాన్ని తిప్పి కలిపితే అదే గీత ఇంకాస్త పొడుగవుతుంది, అంతే. ఫోను కొంచెం వాలినా అతుకు దగ్గర గోదారి పెంకుటింటి కప్పులా పైకి లేస్తుంది. సూర్యుడు ఉంటే ఇద్దరవుతారు. పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఉంటే రెండు పంట్లు ఎదురెదురుగా వచ్చి గుద్దుకోబోతున్నట్టుంటాయి. రేవు దగ్గర బోర్డు పడిందా, దాని మీద అక్షరాలు తిరగబడతాయి. అందుకే దూరపు దృశ్యాలకు మిర్రర్ వద్దంటాను. చేతికందే దూరంలో ఉన్న ఆకు, బెరడు, వేరు, వీటికే దాన్ని ఉంచుకోవాలి.

పైకీ కిందికీ తిప్పే మిర్రర్ సంగతి వేరు. గాలి లేని పొద్దున ఆ పని కాలువే చేసి పెడుతుంది, మనకంటే బాగా కూడా. నీళ్లలో నిజంగా పడ్డ ప్రతిబింబం సాధారణంగా అసలు చెట్టు కన్నా కాస్త ముదురుగా ఉంటుంది. మట్టల అడుగు భాగం అందులో ఇంకొంచెం ఎక్కువ కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో తలకిందులు చేసిన కాపీలో ఆ తేడాలు ఉండవు. ఊరికి దూరంగా ఉన్నవాళ్లు మెచ్చుకుంటారేమో గానీ, కాలువ గట్టున పెరిగినవాడు ఇట్టే పట్టేస్తాడు.

నాలుగు వైపులా, ఆరు వైపులా తిప్పే కెలిడోస్కోప్ పద్ధతి కూడా ఉంది. స్కాట్లాండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ 1816లో కనిపెట్టిన గొట్టంలో అద్దాలు చేసే పనే ఇది. గుర్రపుడెక్క పువ్వుతో చేస్తే చీర అంచుకు పనికొచ్చే డిజైన్ వస్తుంది, ముగ్గుకూ పనికొస్తుంది. గోడకు తగిలించుకోవడానికి మాత్రం నాకు నచ్చదు.

ఇక పొరల బొమ్మ. ఇది కంప్యూటర్‌తో పుట్టిన విద్య కాదు. 1857లోనే ఫొటోగ్రాఫర్ ఆస్కార్ రైలాండర్ ముప్పైకి పైగా నెగెటివ్‌లు కలిపి ఒకే ప్రింటు తీశాడు. ఇప్పుడు ఫోన్‌లో స్నాప్‌సీడ్ యాప్ తెరిచి డబుల్ ఎక్స్‌పోజర్ నొక్కితే రెండు ఫొటోలు కలిసిపోతాయి. గింప్‌లో అయితే ఎన్ని పొరలైనా వేసుకోవచ్చు. పై పొర కింది పొరతో ఎలా కలవాలో చెప్పేది మోడ్. మల్టిప్లై మోడ్ పెడితే తెల్లటి భాగం మాయమై నల్లటిది నిలుస్తుంది, స్క్రీన్ మోడ్‌లో సరిగ్గా దీనికి ఎదురు. ఈ ఒక్కటి తెలిస్తే సగం పని వచ్చినట్టే. తెల్లబారిన ఆకాశం ముందు నల్లగా నిలబడ్డ కొబ్బరి చెట్టు ఫొటో తీసుకోండి. దాని కింద అరటాకు దగ్గరి ఫొటో పెట్టి, చెట్టు పొరను మల్టిప్లైలోకి మార్చండి. ఆకాశం ఉన్నచోటల్లా ఆకు ఈనెలు వచ్చేస్తాయి. కత్తిరింపు లేదు, అతుకు లేదు.

కత్తిరించి పెట్టే రకంలోనే టెన్షన్ ఎక్కువ. పొద్దున తీసిన పడవను సాయంత్రం గోదారిలో పెడితే నీడ ఒక వైపు, వెలుగు ఇంకో వైపు. గట్టు మీద నుంచి కిందికి చూస్తూ తీసిన కొంగను నీటి మట్టంలో తీసిన ఫొటోలో వేస్తే అది తేలుతున్నట్టుంటుంది. ఎంత బాగా కత్తిరించినా ఈ రెండూ దాగవు.

నా ఓటు మాత్రం పొరల బొమ్మకే. మిర్రర్‌లో ఒక్క క్షణమే ఉంటుంది, దాన్నే రెండుసార్లు చూస్తాం. పొరల్లో రెండు కాలాలు పక్కపక్కన నిలబడతాయి, డెల్టాకు కావాల్సింది అదే. కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ ఇక్కడి ఏడాది కాలువ నీటిని బట్టే నడుస్తోంది. నీళ్లు వదిలాక ఊడ్పులు, సార్వా (తొలి పంట) కోతలు, మళ్లీ దాళ్వా (రెండో పంట), ఎండాకాలంలో కాలువలు కట్టేయడం. అదే చేను ఒకసారి అద్దంలా మెరుస్తుంది, ఒకసారి బంగారు రంగులో ఉంటుంది, ఇంకోసారి బీటలు వారి ఉంటుంది. ఒకే చోటు నుంచి ఊడ్పులప్పుడు ఒకటి, కోతలప్పుడు ఒకటి తీసి కలపాలి. ఆర్నెల్లు అన్నది ఇందుకే.

చోటు గుర్తుకి తూము గోడ మంచిది. దాని మీద మోచేతులు ఆనించి, ఫ్రేములో ఒక మూల గోడ అంచు పడేలా తీయండి. రెండోసారీ అదే ఎత్తు, అదే జూమ్, వీలైతే అదే వేళ. కలిపేటప్పుడు పై పొర ఒపాసిటీ (కింది పొర కనపడకుండా కప్పే శాతం) సగానికి తగ్గించి, గోడ అంచులు ఒకదాని మీద ఒకటి కూర్చునే దాకా జరపండి. తరవాత పై పొరకు మాస్క్ (ఫొటో పాడవకుండా కొంత భాగాన్ని దాచే తెర) వేసి, మెత్తటి బ్రష్‌తో చేను గట్ల వెంటే చెరపండి. నిలువు గీత గీసి సగం సగం చేస్తే ముందు, తరవాత అని చూపించే ప్రకటన బొమ్మ అయిపోతుంది. రెండో ఫొటో స్నేహితుల దగ్గర నుంచి తెప్పించుకుంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, పొరలు కలిపినప్పుడు ఒకటి మసకగా తేలిపోతుంది.

పోటీలకు పంపే ఆలోచన ఉంటే ఒక మాట. ఫియాప్ లాంటి అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్యల నియమాల ప్రకారం నేచర్ విభాగంలో ఫొటోకి ఏదీ కలపకూడదు, ఉన్నదేదీ తీసేయకూడదు, చోటు మార్చకూడదు. కాబట్టి రెండు రకాలూ అక్కడ చెల్లవు. కలిపిన బొమ్మలను అనుమతించే విభాగం ఉందేమో చూసుకుని అక్కడికే పంపాలి.