ఎవరెస్టు బేస్ క్యాంపు ప్రయాణానికి ఏది మేలు: ఊళ్ళో కసరత్తా, దారిలో అదనపు రోజులా?

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఎవరెస్టు బేస్ క్యాంపుకు బయలుదేరాలనుకునే ఉద్యోగి చేతిలో సాధారణంగా మూడే వనరులుంటాయి: ప్రయాణానికి ముందు మూడు నాలుగు నెలల వ్యవధి, కొంత సొమ్ము, పై అధికారిని బతిమాలి తెచ్చుకున్న రెండు వారాల సెలవు. మొదటి రెండింటినీ చాలామంది ధారాళంగానే ఖర్చు చేస్తారు; జిమ్ములో చేరతారు, ఖరీదైన బూట్లు కొంటారు, మందుల పెట్టె నింపుకుంటారు. సెలవు దగ్గరకు వచ్చేసరికి మాత్రం చేయి బిగుసుకుంటుంది, ఎంత తక్కువ రోజుల్లో ముగించే ప్యాకేజీ దొరుకుతుందా అని వెతుకులాట మొదలవుతుంది. 5,364 మీటర్ల ఎత్తుకు వెళ్ళే ప్రయాణంలో ఈ లెక్క తలకిందులు కావాలన్నది నా అభిప్రాయం. కసరత్తు అవసరమే, మందుకూ దాని స్థానం దానికి ఉంది. కానీ ఈ రెండూ చేయలేని పనిని దారిలో గడిపే ఒకటి రెండు అదనపు రాత్రులు చేస్తాయి.

ఎత్తు పెరిగే కొద్దీ గాలిలో ఆక్సిజన్ పాలు తగ్గదు. కింద ఎంతో పైనా అంతే, సుమారు 21 శాతం. తగ్గేది గాలి పీడనం. సముద్రమట్టంతో పోలిస్తే 5,500 మీటర్ల దగ్గర అది సగానికి పడిపోతుంది కాబట్టి ఒక్కో శ్వాసతో లోపలికి చేరే ఆక్సిజన్ కూడా ఇంచుమించు సగమవుతుంది. ఈ లోటును పూడ్చుకోవడానికి శరీరం ముందుగా శ్వాస వేగాన్ని పెంచుతుంది. అలా ఎక్కువగా శ్వాసించడం వల్ల కార్బన్ డయాక్సైడు బయటికి పోయి రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు బైకార్బనేటును బయటికి పంపాలి, ఆ పనికి వాటికి రోజులు పడుతుంది. సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో ఎంత చెమటోడ్చినా ఈ ప్రక్రియ మొదలే కాదు. అందుకే దేహదారుఢ్యం ఆల్టిట్యూడ్ సిక్‌నెస్‌ను, అంటే ఎత్తు పడక వచ్చే జబ్బును, ఆపదని ఈ రంగంలోని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. మారథాన్ పరుగెత్తే కుర్రవాడు దారిలోని దింగ్‌బోచే ఊళ్ళో తలపోటుతో, వికారంతో పడకేస్తే, అతని వెనకాల మెల్లగా నడిచి వచ్చిన యాభై ఏళ్ళ మనిషి పక్క బల్ల మీద దాల్‌భాత్ రెండోసారి వడ్డించుకుని తినడం అక్కడ వింతేమీ కాదు. దమ్మున్నవాడు తొందరగా ఎక్కగలడు. ఆ తొందరే అతనికి చేటు తెస్తుంది.

అలాగని కసరత్తును పక్కన పెట్టేయడం పొరపాటు. రోజుకు అయిదారు గంటల చొప్పున పన్నెండు రోజులు నడవాల్సిన చోట కాళ్ళు ముందే చేతులెత్తేస్తే, ఆకలి మందగించి, నిద్ర చెడి, అలసట ఏదో ఎత్తు ప్రభావం ఏదో తేల్చుకోలేని స్థితి వస్తుంది. కసరత్తు వల్ల కలిగే అసలు ప్రయోజనం, నా దృష్టిలో, ఈ రెంటినీ విడదీసి గుర్తుపట్టగలగడమే. అయితే ఏ కసరత్తు? పరుగు గుండెకు మంచిదే గానీ చదును రోడ్డు మీద పరుగు కొండ దిగడాన్ని నేర్పదు. జిమ్ములోని ట్రెడ్‌మిల్లును ఏటవాలుగా పెట్టి నడవడం అంతకంటే మెరుగు, కానీ అదీ ఎక్కడమే నేర్పుతుంది. మూడింటిలోకీ మెట్లే మేలు, అదీ వీపున ఆరేడు కిలోల బరువుతో, ఎక్కినన్ని మెట్లూ దిగుతూ. పది అంతస్తుల అపార్టుమెంటు ఒకసారి ఎక్కితే సుమారు 30 మీటర్లు; ఇరవై సార్లు ఎక్కిదిగితే 600 మీటర్లు.

ఆ 600 మీటర్లకు ఇక్కడ ఒక అర్థముంది. విమానం దిగి నడక మొదలుపెట్టే లుక్లా నుంచి నామ్‌చే బజారుకు వెళ్ళే దారిలో దూద్‌కోశీ నది మీది ఎత్తైన వేలాడే వంతెన దాటాక, పైన్ చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ సాగే ఎక్కుడు దాదాపు అంతే ఉంటుంది. మనవాళ్ళలో చాలామందికి అలవాటైన అలిపిరి నడకదారి కూడా 3,550 మెట్లతో ఇంచుమించు అంతే ఎత్తుకు తీసుకెళుతుంది. గాలిగోపురం దాకా నిటారుగా లాగి, తర్వాత కొంత దూరం చదునుగా సాగి, కాళ్ళు తేలికపడ్డాయనుకునే సమయానికి మోకాళ్ళ మెట్టు దగ్గర మళ్ళీ పరీక్ష పెట్టే ఆ దారి తీరు బేస్ క్యాంపు దారి సాగే ఖుంబూ లోయ నడకకు బాగా దగ్గర. 2,388 మెట్ల శ్రీవారి మెట్టు దారి పొట్టిదే గానీ నిలువెక్కుడు, ఊపిరి పరీక్షకు అది పనికొస్తుంది. మొక్కు ఉన్నా లేకున్నా నెలకొకసారి అలిపిరి మెట్లు ఎక్కి, బస్సెక్కకుండా అదే దారిన దిగివచ్చినవారికి తొడల ముందు కండరాలు మర్నాడు చెప్పే సంగతి ఏ శిక్షకుడూ చెప్పలేడు. నామ్‌చే ఎక్కుడు జరిగేది మాత్రం 2,800 నుంచి 3,440 మీటర్ల మధ్యన. తిరుమల కొండ వెయ్యి మీటర్లు కూడా దాటదు.

2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు శిఖరాన్ని ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్‌ల శిక్షణ కూడా భువనగిరి కోట బండ మీద మొదలైంది గానీ అక్కడితో ఆగలేదు. వారిని డార్జిలింగుకూ లద్దాఖుకూ తీసుకెళ్ళి ఎత్తును, చలిని శరీరానికి పరిచయం చేశాకే అసలు యాత్రకు పంపారు. బండ నేర్పేది బండ నేర్పింది, ఎత్తు నేర్పేది ఎత్తే నేర్పింది.

ఇక రోజుల సంగతి. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రి పడుకున్న చోటికంటే మర్నాటి రాత్రి పడక 500 మీటర్లకు మించి పైన ఉండకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి గడపాలని పర్వత వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. లెక్క పడుకునే ఎత్తుకే; పగలు కొంత పైకి వెళ్ళి వచ్చినా నష్టం లేదు, పైగా మంచిదే. ఈ కొలబద్దతో మామూలు ప్యాకేజీని ఒకసారి కొలిచి చూద్దాం. మొదటి రాత్రి ఫాక్‌దింగ్, 2,610 మీటర్లు. రెండో రాత్రి నామ్‌చే, 3,440. ఒక్క రోజులో 830 మీటర్లు. నామ్‌చేలో ఇంకో రాత్రి తర్వాత తెంగ్‌బోచే, 3,860. ఆ పైన దింగ్‌బోచే, 4,410, అంటే 550 మీటర్లు. అక్కడ ఒక విశ్రాంతి దినం తర్వాత లోబుచే, 4,940, మళ్ళీ 530. చివరికి గోరక్‌షెప్, 5,164. రెండు విశ్రాంతి దినాలు ఉన్నప్పటికీ మూడు చోట్ల పరిమితి దాటుతోంది. వాటిలో ఒక విశ్రాంతి దినాన్ని కూడా తీసేసి "తొమ్మిది రోజుల్లోనే" అని అమ్మే ప్యాకేజీల గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఇదే దారిని ఒక్క రాత్రి మాత్రం పెంచి మరోలా నడవవచ్చు. లుక్లాకు ఉదయపు విమానం దొరికితే మొదటి రోజే ఫాక్‌దింగ్ దాటి 2,835 మీటర్ల మోంజో చేరి పడుకుంటే, మర్నాటి ఎక్కుడు 830 నుంచి 605కు తగ్గుతుంది. నామ్‌చే తర్వాత తెంగ్‌బోచే బదులు 3,985 మీటర్ల పాంగ్‌బోచేలో ఆగితే ఆ రోజు 545 అవుతుంది గానీ, అప్పటికి నామ్‌చేలో రెండు రాత్రులు గడిచి ఉంటాయి, మర్నాడు దింగ్‌బోచేకు 425 మాత్రమే మిగులుతుంది. దింగ్‌బోచే విశ్రాంతి తర్వాత లోబుచేకు ఒక్క ఊపున వెళ్ళకుండా 4,620 మీటర్ల తుక్లాలో అదనపు రాత్రి గడపాలి. తుక్లాలో ఉన్నవి కొద్దిపాటి లాడ్జీలే, చూడటానికి పెద్దగా ఏమీ లేదు, మధ్యాహ్నానికే చేరి ఊరకే కూర్చోవాలంటే విసుగే. కానీ దాని వెనకే గండరాళ్ళ మధ్య నిలువుగా ఎక్కుడుంది. దాని పైన, కనుమ మీద, ఎవరెస్టు ప్రాంతంలో ప్రాణాలు విడిచిన పర్వతారోహకులకూ షెర్పాలకూ కట్టిన రాతి స్మారకాలు వరుసగా కనిపిస్తాయి. దింగ్‌బోచే నుంచి నడిచొచ్చిన అలసటతో మధ్యాహ్నం ఆ ఎక్కుడు ఎక్కడానికీ, రాత్రంతా పడుకుని లేచి ఎక్కడానికీ చాలా తేడా ఉంటుంది.

విమానం వద్దనుకుని కింది నుంచి నడవడం ఇంకా మంచిది కాదా అన్న ప్రశ్న సహజం. 1953లో హిల్లరీ, టెన్జింగుల బృందం కాఠ్‌మాండూ లోయ నుంచే నడిచింది. లుక్లా విమానాశ్రయం వచ్చింది 1964లో, అదీ హిల్లరీ పూనికతోనే. కింద రోడ్డు మీదున్న జిరి ఊరి నుంచి లుక్లా పరిసరాలకు నడిస్తే ఆరేడు రోజులు పడుతుంది. సల్లేరి దాకా జీపులో వెళ్ళి అక్కడి నుంచి నడిస్తే మూడు నాలుగు రోజులు చాలు. ఈ దారుల్లో రద్దీ తక్కువ, ఖర్చు తక్కువ, కాళ్ళు బాగా కుదురుకుంటాయి. కానీ ఎత్తుకు అలవాటు పడటం అన్న ఒక్క విషయంలో వీటి మేలును కొంచెం ఎక్కువ చేసి చెబుతుంటారు. జిరి దారిలో పగలు 3,530 మీటర్ల లామ్‌జురా కనుమ దాటినా రాత్రులు ఎక్కువగా 3,000 మీటర్ల లోపే గడుస్తాయి; సల్లేరి దారి అయితే 3,071 మీటర్ల తాక్‌సిందు కనుమ దాటి జుబింగ్ దగ్గర 1,680 మీటర్లకు దిగిపోతుంది. మూడు వారాలకు పైగా సెలవున్నవారికి ఇంతకంటే మంచి దారి లేదు. రెండే రోజులు పెంచుకోగలిగినవారు మాత్రం వాటిని సల్లేరి దారిలో వెచ్చించడంకంటే ఒకటి తుక్లాలోనూ, మరొకటి లుక్లా వాతావరణం కోసం చేతిలోనూ ఉంచుకోవడం మేలు. దాదాపు 12 శాతం వాలుతో, 527 మీటర్ల పొడవున్న ఆ రన్‌వే మీద మేఘం కమ్మితే విమానాలు దిగవు. వసంత, శరదృతువుల రద్దీలో చాలా విమానాలు కాఠ్‌మాండూ నుంచి కాక, నాలుగైదు గంటల రోడ్డు ప్రయాణం దూరంలో ఉన్న రామేఛాప్ నుంచి నడుస్తాయి. ఈ ఒక్క రోజు చేతిలో లేనివారే, విమానం తప్పిన లోటును పైన విశ్రాంతి దినం కోసేసి పూడ్చుకుంటారు.

డయామాక్స్ పేరుతో దొరికే ఎసిటజోలమైడు విషయంలో రెండు అపోహలు వినిపిస్తాయి: అది జబ్బును కప్పిపుచ్చుతుందని కొందరు, అది ఉంటే రోజులు తగ్గించవచ్చని మరికొందరు. అది కప్పిపుచ్చదు, మూత్రపిండాలు మెల్లగా చేసే బైకార్బనేటు పనినే తొందరపెడుతుంది, అందువల్ల రాత్రి శ్వాస మెరుగుపడుతుంది. నివారణ కోసం సాధారణంగా 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి వాడమంటారు. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రానికి లేవడం దాని మామూలు ప్రభావాలు. సల్ఫా మందులు పడనివారు వైద్యుడికి ఆ సంగతి ముందే చెప్పాలి. గతంలో ఎత్తు పడనివారికీ, ప్రయాణక్రమాన్ని మార్చుకునే వీలు లేనివారికీ ఇది నిజంగా మేలు చేస్తుంది. అదనపు రాత్రికి తోడుగా అయితే మంచి మందు, దానికి బదులుగా అయితే బలహీనమైన మందు. దారిలో బస చేసే టీహౌసుల్లో వెల్లుల్లి సూపు కమ్మగా ఉంటుంది, తాగవచ్చు. కర్పూరం వాసన హాయిగా ఉంటుంది, చూడవచ్చు. కానీ ఈ రెంటినీ నమ్ముకుని ఒక్క మీటరు కూడా అదనంగా ఎక్కకూడదు. విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, తాగినవాడిలా అడుగులు తడబడినా, మాట తికమకగా వచ్చినా ఇక పోల్చి చూడాల్సిందేమీ లేదు, రాత్రయినా సరే కిందికి దిగాల్సిందే. హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ దింగ్‌బోచే పక్కనున్న ఫెరిచేలో నడిపే క్లినిక్కులో సీజన్ రోజుల్లో మధ్యాహ్నాలు ఈ విషయాల మీద ఇచ్చే ఉపన్యాసం వినడం దింగ్‌బోచే విశ్రాంతి దినానికి మంచి వినియోగం.

ముందుగా ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ లాంటి 3,800 మీటర్ల ట్రెక్కు ఒకటి చేసి రావడం మేలా అంటే, మేలే, కానీ ఆశించిన కారణానికి కాదు. కొన్ని నెలల క్రితం సంపాదించిన అలవాటు కొద్ది వారాల్లోనే కరిగిపోతుంది. మిగిలేది తన శరీరం ఎత్తుకు ఎలా స్పందిస్తుందన్న ఎరుక. బూట్లు మాత్రం ఊళ్ళోనే కొని ఆ ట్రెక్కులోనే అరగదీయాలి. డౌన్ జాకెట్టు, స్లీపింగ్ బ్యాగు కాఠ్‌మాండూ థమెల్ వీధుల్లో అద్దెకు తీసుకుంటే సరిపోతుంది. 5,000 మీటర్లకు పైన హెలికాప్టర్ రక్షణకు వర్తిస్తుందని స్పష్టంగా రాసి ఉన్న బీమా లేకుండా బయలుదేరకూడదు. మామూలు విదేశీ ప్రయాణ బీమాల్లో చాలావాటికి అంత ఎత్తు వర్తించదు.

అద్దెల్లో మిగిలిన సొమ్మును రోజులుగా మార్చుకునే మార్గం ఒకటుంది. గోరక్‌షెప్ నుంచి లుక్లాకు తిరుగునడక మూడు రోజులు. నలుగురైదుగురు కలిసి హెలికాప్టర్ ఖర్చు పంచుకుంటే ఆ మూడు రోజులూ ఎక్కేటప్పుడు వాడుకోవచ్చు. దిగడానికి శరీరానికి అలవాటు అక్కరలేదు కాబట్టి ఈ అదలాబదలీ న్యాయమైనదే. అయితే ఇలా సౌకర్యానికి ఎక్కే హెలికాప్టర్‌కు బీమా సంస్థ డబ్బివ్వదు. అంత సొమ్మూ లేక, సెలవు పది రోజులు దాటనివారు బేస్ క్యాంపు ఆలోచన మానుకుని తెంగ్‌బోచే దాకా వెళ్ళి నిదానంగా తిరిగిరావడం ఉత్తమం. తెంగ్‌బోచే మఠం ముందు నుంచి ఆకాశం తేటగా ఉన్న ఉదయాన లోత్సే, అమా దబ్లంతో పాటు నుప్త్సే గోడ వెనక నుంచి తొంగిచూసే ఎవరెస్టు కూడా కనిపిస్తుంది. బేస్ క్యాంపులో నిలబడి చూస్తే ఆ శిఖరం కనిపించదు.