ఇంట్లో చేసిన ఆల్బమ్: రఫ్ మిక్స్ దేనిలో వింటే మేలు?

పడగ్గదిలో పాడి, ల్యాప్‌టాప్‌లో గొంతునూ వాయిద్యాలనూ కలిపి రఫ్ మిక్స్ (తుది మెరుగులు దిద్దని మిక్స్) చేసుకున్న పాటలు ఒక ఆల్బమ్‌కు సరిపడా అయ్యాక అసలు టెన్షన్ మొదలవుతుంది. గొంతు సరిపోయిందా, తబలా ఎక్కువైందా, ఏ పాట మళ్లీ పాడాలి? హెడ్‌ఫోన్స్‌లో వింటే ఒక జవాబు వస్తుంది, కారులో ఇంకొకటి, ఫోన్‌లో మరొకటి. దేన్ని నమ్మాలి?

తప్పులు వెతకడానికైతే హెడ్‌ఫోన్స్‌ను మించింది లేదు, అదీ చెవిని పూర్తిగా కప్పేవి. పల్లవి ముగిసి గొంతు ఆగిన చోట ఫ్యాన్ గాలి, ఫ్రిజ్ రొద, 50 హెర్ట్జ్ కరెంటు వల్ల కేబుల్లో చేరే గుంయ్‌మనే మోత, రెండు టేకులు (విడివిడిగా పాడి రికార్డు చేసినవి) అతికించిన చోట 'టిక్' అన్న చప్పుడు, అన్నీ దొరికిపోతాయి. కానీ గొంతు ఎంత ఉండాలో అక్కడ తేల్చొద్దు. స్పీకర్లలో రెండు వైపుల శబ్దమూ రెండు చెవులకూ చేరుతుంది. హెడ్‌ఫోన్స్‌లో ఎడమది ఎడమకే, కుడిది కుడికే. వాయిద్యాలు విడివిడిగా తెలుస్తాయి కాబట్టి గొంతు కాస్త తగ్గినా సరిపోయినట్టే ఉంటుంది. పైగా సాహిత్యం మనకు కంఠతా వచ్చు. వినపడని మాటను మనసే పూరించేస్తుంది.

కారులో సుఖం ఏమిటంటే, ఆ స్పీకర్లలో ఎన్నో పాటలు విని ఉంటాం. బాగా తెలిసిన పాటొకటి ముందు పెట్టి, వెంటనే మనది వినాలి. రెండూ ఒకే వాల్యూమ్‌లో ఉండేలా చూసుకోండి. శబ్దం పెరిగితే బేస్ (కింది స్థాయి మోత) కూడా నిండుగా వినిపించడం చెవి స్వభావం. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే దాన్ని కొలిచి చూపించారు. క్యాబిన్ చిన్నది కాబట్టి డగ్గా (తబలా జతలో లోతుగా మోగేది) మోత కొంత ఉబ్బుతుంది. తెలిసిన పాటలోనూ అలాగే ఉబ్బితే మీ మిక్స్ జోలికి వెళ్లక్కర్లేదు.

ఫోన్ స్పీకర్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు. సుమారు 200 హెర్ట్జ్ కంటే కిందిది అందులో దాదాపు పలకదు, కాబట్టి బేస్ గురించి దాన్ని అడగొద్దు. మాట గురించి మాత్రం తప్పకుండా అడగండి. మన పాటల్లో పాదం చివర గొంతు దిగుతుంది, సరిగ్గా అక్కడే వేణువు అందుకుంటుంది. ఆఖరి అక్షరం మునిగిపోయేది ఆ చోటే, అది ఫోన్‌లో ఇట్టే తెలిసిపోతుంది. యమహా 1978లో ఇళ్ల కోసం తెచ్చిన ఎన్‌ఎస్-10 స్పీకర్లు స్టూడియోల్లో స్థిరపడింది కూడా ఇందుకే: బేస్ తక్కువ, గొంతు ఉండే మధ్య భాగంలో లోపాలు దాచవు.

వాయిద్యాల ఆల్బమ్ అయితే నా ఓటు కారుకే. సాహిత్యం ఉన్న పాటలకు గొంతు లెవెల్ ఫోన్‌లోనే తేల్చాలంటాను. పాట ఎప్పుడూ వినని పిన్నికో బావకో వంటగదిలో వినిపించి, ఆ చరణం తిరిగి చెప్పమనండి. ఎక్కడ తడబడ్డారో ఆ నిమిషం, సెకను కాగితం మీద రాసుకోండి. ఆల్బమ్ మొత్తం వినడం అయ్యేదాకా ల్యాప్‌టాప్ తెరవొద్దు.