బాధ్యతగల డిజైన్ నేర్పే కోర్సు: తిరుపతి నుంచి ఒక సమీక్ష

చిత్రకళ, శిల్పకళ చదువుతున్న విద్యార్థులకు సామాజిక బాధ్యతతో కూడిన వస్తువుల డిజైన్ నేర్పుతామంటూ తిరుపతిలో ఒక శిక్షణ సంస్థ వారాంతపు కోర్సును ప్రారంభించగా, మా కళాశాల విద్యార్థులు కొందరు అందులో చేరారు. వారికి డ్రాయింగు చెప్పే అధ్యాపకుడిగా నేనూ నిర్వాహకుల అనుమతితో చాలా తరగతులకు వెళ్లి వెనక బల్లమీద కూర్చున్నాను. ఇది తొలి విడత మాత్రమే కాబట్టి పేరు పెట్టి తీర్పు చెప్పడం తొందరపాటవుతుంది. అందుచేత సంస్థ పేరు రాయడం లేదు. ఎనిమిది వారాల కోర్సుకు ఫీజు 9,000 రూపాయలు, నమూనాల సామగ్రి ఖర్చు విద్యార్థులదే. చిన్న పట్టణాల నుంచి వచ్చే పిల్లలకు ఇది తక్కువ మొత్తం కాదు.

ఇలాంటి కోర్సు అవసరమా అన్న ప్రశ్నకు నా సమాధానం అవుననే. భారత ప్రభుత్వం కోరిక మీద అమెరికా డిజైనర్లు ఈమ్స్ దంపతులు 1958లో ఇచ్చిన నివేదిక, దాని ప్రేరణతో 1961లో అహ్మదాబాద్‌లో ఏర్పడిన జాతీయ డిజైన్ సంస్థ, డిజైన్‌ను మామూలు మనిషి అవసరాలతో ముడిపెట్టాయి. ఆ ఆలోచన మన ప్రాంతపు కళాశాలల బోధనలోకి పెద్దగా దిగలేదు. తిరుపతిలో దేవస్థానం నడిపే సంప్రదాయ శిల్పకళా సంస్థలో చదివే విద్యార్థికి విగ్రహం కొలతలు శాస్త్రం చెబుతుంది. చిత్రకళ విద్యార్థికి తన అభిరుచే కొలత. కానీ ఒక కుర్చీకో, నీళ్ల తొట్టెకో, మందుల డబ్బాకో కొలత ఎక్కడ దొరుకుతుంది? వాడే మనిషి దగ్గరికి వెళ్లి, ఆ మనిషి పనిచేస్తుండగా చూసి, అడిగి తెలుసుకోవాలి. ఈ అలవాటు మా పిల్లలకు లేదు. దాన్ని అలవరచడంలోనే ఈ కోర్సు అసలు విలువ కనిపించింది.

తరగతి గదిలో నాకు అన్నిటికన్నా నచ్చినది చేతిపంపుల పాఠం. పల్లెల్లో మనం బోరింగు అని పిలిచే ఇండియా మార్క్-2 పంపును అందరం చిన్నప్పటి నుంచి కొట్టినవాళ్లమే గానీ దాని వెనక ఇంత ఆలోచన ఉందని ఎవరు అనుకున్నారు? అంతకుముందు వాడిన పోత ఇనుప పంపులు విదేశాల్లో ఒక్క కుటుంబం వాడకానికి తగినట్టు చేసినవి కావడంతో, ఊరంతా పొద్దున్నుంచి రాత్రిదాకా కొడుతుంటే తట్టుకోలేక తరచూ పాడయ్యేవి. షోలాపూర్‌లో తయారైన ఉక్కు పంపును ఆధారంగా తీసుకుని, యునిసెఫ్, ప్రభుత్వం, మద్రాసు ఇంజనీర్లు కలిసి 1970లలో మార్క్-2ను రూపొందించి, కోయంబత్తూరు ప్రాంతంలో పరీక్షించారు. మన దేశంలోని మామూలు వర్క్‌షాపుల్లో తయారు చేయగలగడం, వాడకానికి తట్టుకోవడం దాని గుణాలు. అయినా అడుగున ఉన్న భాగాలు చెడితే పైపులన్నీ పైకి లాగాల్సి రావడం పెద్ద శ్రమ కాబట్టి, పైపులు కదపకుండానే పిస్టన్ బయటికి తీసే వీలున్న మార్క్-3 తరువాత వచ్చింది. మంచి వస్తువు కూడా ఒక్కసారితో పూర్తి కాదన్న విషయం విద్యార్థులకు ఇక్కడ బాగా అర్థమైంది.

దీనికి ఎదురుగా దక్షిణాఫ్రికాలోని ప్లేపంపు కథను నిలబెట్టడం బోధకుల తెలివి. పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిప్పితే బోరులోంచి నీళ్లు పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి. వినగానే ఎవరికైనా ముచ్చటేస్తుంది. 2006లో అమెరికాలో దీనికి 1 కోటి 64 లక్షల డాలర్ల సాయం ప్రకటించారు. ఆచరణలో మాత్రం పిల్లలు ఆడని వేళల్లో ఆడవాళ్లే ఆ చక్రాన్ని చేతులతో తోయాల్సి వచ్చింది, చెడితే బాగుచేసేవారు దగ్గర్లో దొరకలేదు. చెప్పినంత మందికి నీళ్లు అందాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాల్సి ఉంటుందని 2009లో గార్డియన్ పత్రికలో ఒక లెక్క వచ్చింది. ఆ లెక్క వినగానే గదిలో నవ్వులు మొదలయ్యాయి. సదుద్దేశం ఉన్నంత మాత్రాన డిజైన్ బాధ్యతగలది కాదని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

అయితే గదిలో విన్నదానికన్నా, కలంకారీ కళాకారుల పని చూడడానికి శ్రీకాళహస్తి వెళ్లినప్పుడు జరిగినదే విద్యార్థుల మీద ఎక్కువ ప్రభావం చూపింది. కలంకారీ గుడ్డను కరక్కాయ, పాల మిశ్రమంలో నానబెట్టి, ఇనుము, బెల్లం ఊరబెట్టి తీసిన కసిమితో నల్ల గీతలు వేసి, ఎరుపు రావలసిన చోట ఆ రంగును పట్టి ఉంచే పటిక నీళ్లు పూసి, ఆ తరువాత పారే నీళ్లలో ఉతకాలి. స్వర్ణముఖిలో ఏడాది పొడవునా నీళ్లు పారవు. ఈ ఇబ్బందిని ఎంచుకున్న ఒక విద్యార్థిని, తక్కువ నీళ్లతో పని గడిచేలా, నీళ్లు నిలిచి ఉండే పొడవాటి సిమెంటు తొట్టెను ప్రతిపాదించింది. బొమ్మ చాలా అందంగా ఉంది. వంగి ఉతికేవారి నడుముకు శ్రమ తగ్గేలా ఎత్తు కూడా లెక్కవేసింది. అది చూసిన పెద్దాయన ఒకరు, “నీళ్లు నిలిస్తే పటిక పక్కకు పాకుతుంది పాపా, ఎరుపు రాకూడని చోట కూడా వస్తుంది, గుడ్డంతా చెడిపోతుంది” అన్నారు. నీటి పొదుపు ఒక్కటే సమస్య అనుకున్న అమ్మాయికి, పారే నీరు అక్కడ శుభ్రతకు మాత్రమే కాక రంగుకు కూడా అవసరమని అప్పుడు తెలిసింది.

బోధకుడు ఇక్కడ చేసిన పని మెచ్చుకోదగినది. ఆయన పరిష్కారం తానే చెప్పలేదు, మార్కులు కోయలేదు. ఆ బొమ్మను పక్కన పెట్టించి, పటిక పూసిన గుడ్డ ఉతికే పనిని మొదటి నుంచి చివరిదాకా దగ్గర కూర్చుని చూసి రమ్మన్నారు. రెండో నమూనాలో ఆమె వాలుగా ఉన్న కాలువ గీసింది: వదులుగా అంటుకున్న పటికను మొదట పారే నీళ్లు పూర్తిగా తీసుకుపోతాయి, ఆ నీళ్లను తిరిగి వాడరు, చివరి జాడింపు నీళ్లను మాత్రం పట్టి, తరువాతి గుడ్డకు మొదటి జాడింపుగా వాడతారు. ఇది పనిచేస్తుందో లేదో ఎవరూ పరీక్షించలేదు. ఆ సంగతికి తరువాత వస్తాను.

మిగిలిన నమూనాల్లో చెప్పుకోదగినది చింతపండు కొట్టి గింజ తీసే ఆడవారి కోసం చేసిన పీట. రోజంతా నేల మీద కూర్చుని ఒకే చేత్తో సుత్తి ఆడించే పని అది. పీట చేసిన కుర్రవాడు చిత్తూరు వైపు నుంచి వచ్చినవాడు, అతని మేనత్త ఆ పని చేసిందట. అందుకే కాబోలు, ఎంత ఎత్తుండాలో అతనికి తరగతికి రాకముందే తెలుసు. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు పోయి గాజు సీసాలు రావడం, ఖాళీ సీసా ఇస్తే ధరావతు వెనక్కి రావడం గురించి కూడా ఒక పూట చర్చ జరిగింది. అక్కడ డిజైన్ అంటే సీసా కాదు, దాన్ని తిరిగి పుచ్చుకునే కౌంటర్ అని ఒక విద్యార్థి అన్న మాట బాగుంది. దురదృష్టవశాత్తు బోధకులు దాన్ని పొడిగించకుండా పర్యావరణం మీద సాధారణ ఉపన్యాసంలోకి వెళ్లిపోయారు.

ఇక లోపాలు. మొదటిది ధర. వాలు కాలువకు సిమెంటు, ఇటుక, మేస్త్రీ కూలీ కలిపి ఎంతవుతుందో, అది ఒక ఇంటికా లేక పదిమంది కలిసి కట్టుకోవాలా అన్న లెక్క ఏ విద్యార్థి చేతా వేయించలేదు. పేదవారి కోసం గీసిన వస్తువు వారు కొనగలిగే ధరలో లేకపోతే ఆ గీత ఎవరి కోసం? రెండోది, కళాకారులు తమ పని ఆపి విద్యార్థులకు గంటల కొద్దీ వివరించినందుకు కోర్సు వైపు నుంచి ఏమీ చెల్లించలేదు. ఒక పూట పని ఆగితే వారికి ఎంత నష్టమో తెలిసిన ఊళ్లో, బాధ్యత పేరుతో నడిచే కోర్సు ఈ చిన్న బాధ్యతను మరిచిపోవడం నాకు కష్టంగా తోచింది. ఇచ్చిన పాఠ్యపత్రాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఒకరినొకరు అడిగి నెట్టుకొచ్చారు.

అన్నిటికన్నా పెద్ద లోటు ముగింపులో ఉంది. చివరి వారం ఏసీ హాలులో ప్రదర్శన పెట్టారు. థర్మకోలు, అట్టతో చేసిన నమూనాలు, పెద్ద ఫ్లెక్సీలు, ముఖ్య అతిథి, ఫొటోలు అన్నీ ఉన్నాయి. వాటిని వాడవలసిన కలంకారీ కళాకారులు గానీ చింతపండు కొట్టే ఆడవారు గానీ రాలేదు. వారిని పిలిచారో లేదో కూడా నాకు స్పష్టం కాలేదు. అసలు నమూనాలను శ్రీకాళహస్తికి తీసుకువెళ్లి, నీళ్లు పోసి, గుడ్డ ఉతికి చూడడానికి కోర్సులో ఒక్క వారం కూడా కేటాయించలేదు. మార్క్-2లోని లోపం వాడకంలో బయటపడితేనే మార్క్-3 వచ్చిందని పాఠంలో చెప్పినవారే, తమ విద్యార్థులకు ఆ రెండో అడుగు వేసే అవకాశం ఇవ్వలేదు.

ఇన్ని చెప్పినా, శిల్పం, పెయింటింగు మూడో సంవత్సరం దాటిన విద్యార్థులకు ఈ కోర్సును నేను సిఫారసు చేస్తాను. చేతి నైపుణ్యం ఇంకా కుదరని మొదటి ఏడాది పిల్లలకు మాత్రం వద్దు. రెండో విడతకు ఫీజు కట్టే ముందు నిర్వాహకులను మూడు విషయాలు అడగండి: నమూనాను వాడేవారి చేతికిచ్చి పరీక్షించే వారం ఉందా, చేతిపనివారికి వారి సమయానికి చెల్లింపు ఉందా, పత్రాలు తెలుగులో దొరుకుతాయా. మొదటిదానికి జవాబు ‘లేదు’ అయితే, ఆ 9,000 రూపాయల్లో కొంత సామగ్రికి దాచుకుని, స్నేహితులతో కలిసి నేరుగా శ్రీకాళహస్తి బస్సెక్కినా నష్టం లేదు.