జాగ్రత్త: ఉచితంగా దొరికే కింగ్స్ క్వెస్ట్ రీమేక్‌లను పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు

పాతకాలపు కంప్యూటర్ అడ్వెంచర్ ఆటల సిరీస్ కింగ్స్ క్వెస్ట్ 1, 2, 3 భాగాల రీమేక్‌లు "కలెక్టర్స్ ఎడిషన్" అన్న పేరుతో పెద్ద అట్టపెట్టెలో అమ్మకానికి కనబడితే ఆర్డర్ పెట్టకండి. అవి అభిమానులు చేసిన ఆటలు, మూడూ ఉచితమే. ఏజీడీ ఇంటరాక్టివ్ బృందం, అప్పట్లో టియెర్రా అనేవారు, మొదటిదాన్ని 2001లో, రెండోదాన్ని 2002లో, మూడోదాన్ని 2011లో విడుదల చేసింది. వాళ్ల దగ్గరి నుంచే నేరుగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. సియెర్రా అనే అమెరికన్ గేమ్ కంపెనీ 1984లో మొదలుపెట్టిన అసలు సిరీస్‌ను హక్కుదారులు అమ్మడం వేరే సంగతి. దానికి డబ్బు కట్టాల్సిందే. అమ్మేవాళ్లు ఈ రెంటినీ కలిపేసి, వివరణలో "ఒరిజినల్" అన్న మాట ఎక్కడో ఒకచోట ఇరికిస్తున్నారు.

పెట్టె మాత్రం చూడ్డానికి బావుంటుంది. పైన పటారం, లోన లొటారం. డిస్క్ తిప్పి అడుగు వైపు చూడండి. ఫ్యాక్టరీలో అచ్చువేసిన డిస్క్ వెండిలా తెల్లగా ఉంటుంది. ఊదారంగు జీర కనిపిస్తే అది ఇంట్లో కంప్యూటర్‌లో రాసిన డీవీడీ-ఆర్. దానికి తోడు పైన కాగితం లేబుల్ అంటిస్తారు. అది వెంట్రుకవాసి పక్కకు జరిగినా, డ్రైవ్ వేగం అందుకోగానే డిస్క్ అదురుతుంది, ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోతుంది. కొన్ని పెట్టెల్లో రెండు మూడు ఫ్లాపీలు కూడా పెడతారు. ఒక్కో ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ, మాటలతో సహా ఈ ఆటలు దానికి ఎన్నో రెట్లు పెద్దవి. అంటే అవి అలంకారానికే.

అసలు నష్టం డిస్క్‌లోని ఫైళ్లలో ఉంది. ఈ రీమేక్‌లు అడ్వెంచర్ గేమ్ స్టూడియోతో, అంటే ఏజీఎస్ అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్‌తో చేసినవి. ఏజీఎస్ ఆటల్లో పాత్రల మాటలన్నీ స్పీచ్.వాక్స్ అనే వేరే ఫైల్లో ఉంటాయి. అది లేకపోయినా ఆట ఏ ఫిర్యాదూ చేయదు. నోళ్లు కదులుతాయి, కింద అక్షరాలు వస్తాయి, గొంతు మాత్రం వినబడదు. కొన్నవాళ్లు తమ స్పీకర్లు పాడయ్యాయనుకుంటారు. కింగ్స్ క్వెస్ట్ 5 సీడీలో కథానాయకుడు గ్రహామ్ రాజుకు గొంతిచ్చిన జోష్ మాండెల్ ఈ రీమేక్‌ల్లోనూ పలికాడు. అది వినకుండా ఆడితే ఆటలో సగం పోయినట్టే.

ఇంకొకటి సేవ్ ఫైళ్లు. పాత ఏజీఎస్ ఆటలు సేవ్‌లను ఆట ఉన్న ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి. "ఇన్‌స్టాల్ అక్కర్లేదు, డిస్క్ నుంచే ఆడండి" అన్నారంటే రాయడానికి చోటే లేదన్నమాట. అడుగు తప్పితే మెట్ల మీది నుంచి పడి చచ్చిపోయే సిరీస్ ఇది, సేవ్ లేకుండా ముందుకు సాగదు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి ఎక్కించినా చిక్కే. విండోస్ ఆ సేవ్‌లను వర్చువల్‌స్టోర్ అనే దాపుడు చోటికి మళ్లిస్తుంది, ఫోల్డర్‌ను ఇంకో కంప్యూటర్‌కు తీసుకెళ్తే అవి వెంట రావు. పైగా ఒక వెర్షన్‌లో చేసిన సేవ్ ఇంకో వెర్షన్‌లో తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. డిస్క్‌లోది పాత వెర్షన్ అయితే, సగం ఆడాక సరైనది దించుకున్నా మళ్లీ మొదటికే.

అమ్మేవాడు సొంతంగా చుట్టిన ఇన్‌స్టాలర్ ఉంటే దాన్ని ముట్టుకోకండి. అడ్మిన్ అనుమతి అడిగి, "ముందు యాంటీవైరస్ ఆపండి" అని చీటీ కూడా పెడితే ఇక చెప్పేదేముంది. పాత ఏజీఎస్ ఫైళ్ల మీద యాంటీవైరస్ అప్పుడప్పుడు ఊరికే అరుస్తుంది, నిజమే. కానీ అసలు చోటి నుంచి దించిన ఫైలుకూ డిస్క్‌లోని ఫైలుకూ షా-256 హాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి పోల్చకుండా ఆ సాకు నమ్మొద్దు. వెర్షన్ ఒకటే అయి హాష్ తేడా వస్తే, ఎవరో చెయ్యిపెట్టారనే లెక్క.

సిల్వర్ లైనింగ్ కూడా అభిమానులు చేసిన ఉచిత కింగ్స్ క్వెస్ట్ ఆటే. "సిల్వర్ లైనింగ్ పూర్తి సెట్, 5 ఎపిసోడ్లు" అని రాస్తే అది పచ్చి అబద్ధం. దాన్ని చేసిన ఫీనిక్స్ ఆన్‌లైన్ బృందం విడుదల చేసినవి 2010, 2011ల్లో నాలుగే. ఆ ఆటకు 2005లో వివెండీ, 2010లో యాక్టివిజన్, అంటే అప్పటి హక్కుదారు కంపెనీలు, అడ్డుపడ్డాయి. చివరికి డబ్బు తీసుకోకూడదన్న షరతు మీదే అనుమతి దొరికింది. "ఆటకు కాదు, పెట్టెకూ ప్రింటింగ్‌కూ మాత్రమే తీసుకుంటున్నాం" అనే వాదన అందుకే చెల్లదు. ఇలా డబ్బు చేసుకునేవాళ్ల వల్ల రేపు హక్కుదారులు మళ్లీ కన్నెర్ర చేస్తే మునిగేది ఉచితంగా పనిచేసిన బృందాలే. ఈ అభిమానులు డబ్బుకు అమ్మే ఆటలూ ఉన్నాయి, వాటిని నిశ్చింతగా కొనవచ్చు: ఏజీడీ వాళ్ల హిమాలయ స్టూడియోస్ నుంచి మేజెస్ ఇనీషియేషన్, ఫీనిక్స్ ఆన్‌లైన్ నుంచి కాగ్నిషన్. అవి సొంత పాత్రలతో, సొంత కథతో చేసినవి.

ఆడటానికి డిస్క్ అక్కర్లేదు. దించిన ఆటను డాక్యుమెంట్స్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఫుల్‌స్క్రీన్‌లో తెర నల్లగా ఉండిపోతే ఆటతో వచ్చే సెట్టింగుల ప్రోగ్రామ్ విన్‌సెటప్ తెరిచి గ్రాఫిక్స్ డ్రైవర్‌ను డైరెక్ట్‌డ్రా నుంచి డైరెక్ట్3డీ 9కి మార్చండి. అప్పటికీ మొరాయిస్తే పాత ఆటలను కొత్త కంప్యూటర్లలో నడిపే ఉచిత ప్రోగ్రామ్ స్కమ్‌వీఎం వాడండి, 2021లో వచ్చిన 2.5.0 నుంచి అది ఏజీఎస్ ఆటలను కూడా నడుపుతోంది.

ఇప్పటికే కొన్నవాళ్లు, కొన్న సైట్‌కు పెట్టే ఫిర్యాదులో "ఆట బాలేదు" అని రాస్తే పని జరగదు. "అనుమతి లేని నకలు" అని రాయండి. పెట్టె విప్పిన వీడియో, డిస్క్ అడుగు వైపు ఫొటో, ఫైళ్ల జాబితా స్క్రీన్‌షాట్, ఆట ఉచితమని తయారీదారులే చెప్పిన పేజీ జతచేయండి. "ఫిర్యాదు వెనక్కి తీసుకోండి, సగం డబ్బు విడిగా పంపిస్తాం" అని కబురొస్తే ఒప్పుకోకండి. మూసేసిన ఫిర్యాదును చాలాచోట్ల రెండోసారి తెరవనివ్వరు, ఈలోపు వాపసు గడువు దాటిపోతుంది.