బెజవాడ ఫుట్‌పాత్ మీద పాత వాచీ: హెచ్ఎంటీనా, సీకోనా, స్విస్సా?

"సీకో కొనమంటావా, హెచ్ఎంటీ కొనమంటావా?" ఈ ఏడాది ఈ మాట నన్ను తక్కువలో తక్కువ పదిమంది అడిగుంటారు. కొందరు ఫోటోలు కూడా పంపారు. తువ్వాలు మీద పరిచిన వాచీలు, వెనకాల ఎవరివో చెప్పులు. విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఒకేసారి రాసేస్తున్నాను. కీ ఇచ్చే వాచీకీ ఆటోమేటిక్‌కీ తేడా తెలిసినవాళ్ల కోసమే ఇది.

పోయిన నెల ఒక ఆదివారం నాకూ ఇదే మీమాంస వచ్చింది. వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ వైపు పని చూసుకుని వస్తుంటే, ఒకాయన రోడ్డు పక్కన పాత కాలిక్యులేటర్లు, కళ్లజోళ్ల ఫ్రేములు, వాచీలు పెట్టుకుని కూర్చున్నాడు. నీలం డయల్ సీకో 5 ఒకటి తళతళలాడిపోతోంది, 1,400 అన్నాడు. పక్కనే హెచ్ఎంటీ వాళ్ల జనతా మోడల్. దాని డయల్ మీగడ రంగుకి తిరిగింది, 12 దగ్గర చిన్న మచ్చ, వెనక మూత మీద ఎవరిదో పేరూ పెళ్లి తేదీ చెక్కి ఉన్నాయి. దానికి 900. నేను మూత తిప్పి చూస్తుంటే ఆయనే, "పేరుంది గదా సార్, ఏడొందలిచ్చి తీసుకోండి" అన్నాడు. తీసుకున్నాను. ఆ పేరు ఉండబట్టే తీసుకున్నానని ఆయనకి చెప్పలేదు.

ఎందుకో చెప్పాలంటే ముందు డయల్ గురించి చెప్పాలి. పాత వాచీలో నేను చూసేది అదొక్కటే అన్నా తప్పులేదు. మెషీన్ ఆగిపోయినా భయపడక్కర్లేదు. మెయిన్ స్ప్రింగ్ (వాచీని నడిపే స్ప్రింగు) తెగినా, బ్యాలెన్స్ స్టాఫ్ (లోపల అటూ ఇటూ ఊగే చక్రం ఇరుసు) విరిగినా, చేతనైన మెకానిక్ ఇంకో పాడైన వాచీలోంచి తీసి వేస్తాడు. ప్లాస్టిక్ గ్లాసు మీది చిన్న గీతలైతే కాస్త టూత్‌పేస్టు పెట్టి రుద్దితే పోతాయి. డయల్‌కి ఆ సౌకర్యం లేదు. పాత ప్రింటు గీకేసి కొత్తది వేశారంటే అసలు మొహం పోయినట్టే. మళ్లీ రావాలంటే అదే మోడల్ ఇంకో వాచీ కొని దాని డయల్ తీసుకోవాలి.

ఫుట్‌పాత్ దగ్గర జనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. చెవి దగ్గర పెట్టుకుని టిక్‌టిక్ వింటారు. డయల్ మెరుస్తుంటే మురిసిపోతారు, మచ్చ కనబడితే కింద పెట్టేస్తారు. అమ్మేవాళ్లకి ఇది తెలుసు కాబట్టి మెరిసేదానికి రేటు పెంచి, మచ్చ ఉన్నదానికి తగ్గిస్తారు. మనకి లాభం వచ్చేది ఆ తగ్గించిన దాంట్లోనే. ఒకటి మాత్రం చూసుకోండి. తుప్పు ముళ్ల మీదకి పాకి ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయన్నమాట, ఎంత చవకైనా వద్దు.

కొత్త ప్రింటుని పట్టుకోవడానికి ఒక చిన్న భూతద్దం చాలు. అక్షరాల అంచులు అలుక్కుపోయి, లావుగా ఉంటాయి. నిమిషాల గీతలు గంటల గుర్తుల ఎదురుగా సరిగ్గా కూర్చోవు. అతికించిన గుర్తుల పక్కలకి రంగు పూసుకుపోయి ఉంటుంది.

ఇక సీకో 5. వాచీ మంచిదే, అందులో అనుమానం లేదు. 1963లో మొదలైన వరస, చేతికి ఉంటే చాలు అదే నడుస్తుంది, తేదీ, వారం రెండూ చూపిస్తుంది. కువైట్ నుంచి వచ్చిన మా బంధువుల చేతులకి ఉండేది ఇదే, ఊళ్లో పెళ్లిళ్లలో చొక్కా చెయ్యి కాస్త పైకి లాక్కుని మరీ టైము చూసేవాళ్లు. గొడవల్లా ఇప్పుడు తువ్వాలు మీదికొచ్చే సీకోలతోనే. చాలావరకు ముంబైలో మొహం మార్చుకుని, అంటే డయల్‌కి కొత్త ప్రింటు వేయించుకుని వచ్చినవి. ఆ మోడల్‌కి కంపెనీ ఎన్నడూ వేయని రంగులు కనిపిస్తాయి. వెనక మూత మీద 7009 అనో 6119 అనో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఆ మొదటి నాలుగంకెలు లోపలి మెషీన్‌వి. డయల్ అట్టడుగున, 6 కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే కోడ్ కూడా ఆ నాలుగంకెలతోనే మొదలవ్వాలి. ప్రింటు వేసినవాళ్లు సాధారణంగా ఈ కోడ్ వదిలేస్తారు, లేదంటే వేరే ఏదో వేస్తారు. మూత మీద ఆరంకెల సీరియల్ ఉంటే మొదటి అంకె తయారైన సంవత్సరంలో చివరి అంకె, రెండోది నెల. వన్‌టౌన్‌లో నేను చూసిన నీలం సీకో మూత మీద 7009 ఉంది, డయల్ కింద ఏమీ లేదు. అసలు డయల్‌తో సీకో దొరికితే మాత్రం బేరం ఆడకుండా తీసుకోండి. నాకు ఇన్నేళ్లలో రెండుసార్లే దొరికింది.

పాత స్విస్ వాచీల్లో మనవైపు పేరున్నది ఫేవర్ లూబా. 1737 నాటి కంపెనీ, బొంబాయి కేంద్రంగా మన దేశంలో బాగా అమ్ముకున్నారు. వాళ్ల సీ కింగ్, సీ చీఫ్ మోడళ్లు అందంగా ఉంటాయి, కాదనను. అయితే ఆ పేరు అమ్మేవాడికీ తెలుసు, 3,000 దగ్గర మొదలుపెడతాడు. వీటిలోనూ కొత్త ప్రింటు డయల్స్ తక్కువేం కాదు. 1960లలో వచ్చిన వాటి పలచని మెషీన్లలో కొన్నింటికి రెండు మెయిన్ స్ప్రింగులుంటాయి. అది చూడగానే మా మెకానిక్ వాచీ తిరిగి నా చేతిలో పెట్టేస్తాడు. వెస్ట్ ఎండ్, రోమర్, కామీ లాంటి వేరే స్విస్ వాచీలు కనబడితే పైన చెప్పిన డయల్ పరీక్షే చేయండి. పాత టైటాన్ క్వార్ట్జ్‌లు నేను ముట్టుకోను, బ్యాటరీ కారి లోపలంతా తినేసి ఉంటుంది.

నా మొగ్గు హెచ్ఎంటీకే అని ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో మొదలుపెట్టారు. డయల్ మీద కనిపించే 'పారాషాక్' (దెబ్బ తగిలినా మెషీన్ పాడవకుండా ఉండే ఏర్పాటు) అనే మాట కూడా సిటిజన్‌దే. ఒకే రకం మెషీన్ బోలెడన్ని మోడళ్లలో వేశారు కాబట్టి పార్టులకి కొరత లేదు. అన్నిటికంటే ముఖ్యం, మామూలు హెచ్ఎంటీకి మొహం మార్చి అమ్ముకునేంత లాభం చాలాకాలం ఎవరికీ కనబడలేదు. అందుకే అసలు డయల్స్ మిగిలాయి.

హెచ్ఎంటీలో పైలట్ మోడల్ మాత్రం దీనికి మినహాయింపు. హెచ్ఎంటీ వాచీల కంపెనీ మూసేస్తున్నారని 2014లో వార్త వచ్చాక అందరూ దానిమీద పడ్డారు. ఇప్పుడు ఎర్ర పైలట్, ఆకుపచ్చ పైలట్, సైన్యం గుర్తు వేసిన పైలట్... అన్నీ దొరుకుతాయి, అసలుది తప్ప. పైలట్ కోసం వెతుకుతూ జనం పక్కకి నెట్టేసే సోనా, కోహినూర్ మోడళ్లు చూడండి. సోనాకి బంగారు పూత పోయి, పట్టీ తగిలించే కొమ్ముల దగ్గర ఇత్తడి బయటపడి ఉంటుంది, పర్వాలేదు. హైదరాబాద్ ఆల్విన్ వాచీలు కూడా ఈ కోవలోవే. 1980లలో సీకో సాంకేతికతతో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే చేసిన కీ వాచీ, ఆల్విన్ అంటే ఫ్రిజ్ గుర్తొస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అలాంటిదొకటి గుంటూరు పట్నంబజారులో 400కి తెచ్చుకున్నాను.

ఇప్పుడు ఆ చెక్కిన పేరు సంగతి. అల్లుడికి పెట్టిన వాచీయో, రిటైర్మెంట్‌కి ఆఫీసువాళ్లు ఇచ్చినదో బీరువాలో గుడ్డలో చుట్టి దాచుకుంటారు. దాచిన వాచీ డయల్‌ని ఎవరూ ముట్టుకోరు. వేరేవాళ్ల పేరున్న వాచీ పెట్టుకోవడం బాగోదని కొనేవాళ్లు జంకుతారు, రేటు పడిపోతుంది. నాకు ఆ పట్టింపు లేదు. చేతికి పెట్టుకున్నాక ఆ పేరు నా చర్మానికి తప్ప ఎవరికీ కనబడదు కదా.

ఎక్కడ కొనాలని కూడా అడుగుతున్నారు. ఫుట్‌పాత్ కంటే నాకు పాత వాచీ రిపేరు కొట్లే ఇష్టం. బాగుచేయమని ఇచ్చి మళ్లీ రాని వాచీలు వాళ్ల సొరుగుల్లో ఉంటాయి. మూత తీసి మెషీన్ చూపించమంటే చూపిస్తారు, ఫుట్‌పాత్ మీద అది కుదరదు. కాకపోతే మొదటిసారి వెళ్లి అడిగితే లేవంటారు. నాలుగు వాచీలు సర్వీసింగ్‌కి ఇచ్చాక సొరుగు తెరుచుకుంటుంది. ఆన్‌లైన్‌లో ఫోటో చూసి డయల్ తేల్చుకోవడం నా వల్ల కాలేదు.

నా జనతా మా మెకానిక్ మాస్టారు దగ్గర సర్వీసింగ్‌కి 350 తిన్నది. మచ్చ తుడవమంటారా అని అడిగారు, వద్దన్నాను. రోజుకి రెండు నిమిషాలు ముందుకి పోతోంది. వచ్చే వారం ఇంకోసారి తెమ్మన్నారు.