ఆర్ లో సర్వే ప్యాకేజీ: పాత కాలమ్ ఒక్కటి ఇంత పని చేస్తుందనుకోలేదు

థామస్ లమ్లీ రాసిన సర్వే ప్యాకేజీ ఆరు నెలల్నుంచి వాడుతున్నా, ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ లో నడుస్తుంది, పైసా ఖర్చు లేదు. శాంపిల్ సర్వేల సగటు, స్టాండర్డ్ ఎర్రర్ (ఆ సగటు ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే అంకె) అన్నీ తీస్తుందిలెండి, నేను పడిపోయింది మాత్రం క్యాలిబ్రేట్ ఫంక్షన్‌కి. శాంపిల్‌లో ఒక్కోటి మొత్తంలో ఎన్నింటికి లెక్కో చెప్పే వెయిట్లని, మనకి ముందే తెలిసిన మొత్తాలకి సరిపోయేలా సర్దుతుంది.

దాంతోపాటే వచ్చే కాలిఫోర్నియా స్కూళ్ళ డేటా మీద ట్రై చేయండి. మొత్తం 6194 స్కూళ్ళు, అందులో 15 డిస్ట్రిక్టులు ఎంచి వాటిలోని 183 స్కూళ్ళూ తీసుకున్న శాంపిల్ ఒకటుంది. స్కూళ్ళ పనితీరుకి 2000వ సంవత్సరంలో ఇచ్చిన స్కోరు సగటు మామూలుగా తీస్తే 644, స్టాండర్డ్ ఎర్రర్ 23.5, ఇంత ఎర్రర్‌తో ఏం చెప్తాం చెప్పండి. అవే స్కూళ్ళ 1999 స్కోరు చూస్తే శాంపిల్‌లో 607, రాష్ట్రం మొత్తానికి 632 అని ముందే తెలుసు, అంటే మనకి తగిలినవే కాస్త వెనకబడిన డిస్ట్రిక్టులన్నమాట. ఆ 1999 స్కోరూ, ఎలిమెంటరీనా మిడిలా హైస్కూలా అన్నదీ ఇచ్చి వెయిట్లు సర్దమంటే సగటు 665కి వచ్చింది, ఎర్రర్ 3.4! మొత్తం డేటా కూడా అందులోనే ఉంది కాబట్టి సరిచూశా, అసలు సగటు 664.7. కొత్తగా ఒక్క స్కూలుకీ వెళ్ళక్కర్లేకుండా. రెండేళ్ళ స్కోర్లకీ బాగా దగ్గరి సంబంధం ఉంది కాబట్టే ఇంత లాభం, సంబంధంలేని కాలమ్ ఇస్తే ఏమీ ఒరగదు.

ఒకటి గుర్తుంచుకోండి, క్యాలిబ్రేట్ అడిగేది సగటు కాదు, మొత్తం. నేను 632 అని కొట్టా, స్కేలే 200 నుంచి మొదలయ్యేదానికి అంతకన్నా తక్కువ ఆన్సర్ వచ్చింది, గంటసేపు జుట్టు పీక్కున్నా. ఇవ్వాల్సింది స్కోర్లన్నీ కూడిన 39,14,069. హెల్ప్ పేజీలో రాసే ఉంది, చదవంది నేనే. మామూలుగా ఉండే లీనియర్ పద్ధతిలో వదిలేస్తే అప్పుడప్పుడు మైనస్ వెయిట్లు వస్తాయి, బౌండ్స్ (హద్దులు) పెట్టొచ్చు కానీ మరీ బిగిస్తే కన్వర్జ్ అవ్వదు, అంటే లెక్క తేలదు.

మా ఊళ్ళ సర్వేలో ఇంకో తప్పు చేశా. శాంపిల్ ఊళ్ళలో ఇళ్ళు ఇప్పుడు లెక్కపెట్టి, అన్ని ఊళ్ళ మొత్తానికి 2011 సెన్సస్ లెక్క ఇచ్చా, పన్నెండేళ్ళు దాటాక ఇళ్ళు పెరగవా, సగటు మొత్తం పక్కకి పోయింది. పాత లెక్క వాడటం తప్పేం కాదు, శాంపిల్‌కీ మొత్తానికీ అదే పాత లెక్క ఉండాలి అంతే. మళ్ళీ కూర్చుని ఊరూరికీ 2011 నెంబర్ వెతికి ఎక్కిస్తున్నా, సగం అయింది. ప్యాకేజీకి నా రేటింగ్ 5కి 4.5.